కూడిక కట్టెలు

మా మామ్మ సంపూర్ణమ్మ తన జ్ఞాపకార్థ కూడికకి కావలసిన వంటకట్టెలను పదకొండేళ్లుగా సమకూర్చి పెట్టుకుంటూ వచ్చింది.

మనిషి పోయిన తరువాత పదిమందీ చేరి ప్రార్థన చేసి, పోయిన మనిషి గురించి నాలుగు మంచిమాటలు చెప్పుకొని, బంతిలో కూర్చొని భోంచేసి వెళ్లే రోజు అది. ఆ రోజున తన ఇంటివాళ్లు కట్టెల కోసం ఎవరి దొడ్డి గుమ్మమూ తొక్కకూడదని ఆమె పట్టుదల. తాతయ్య కూడిక వానాకాలంలో వచ్చింది. తడికట్టె అంటుకోలేదు. అన్నం సగం ఉడికింది, సగం ఉడకలేదు. వచ్చినవాళ్లు విస్తళ్ల ముందు గంటసేపు కూర్చున్నారు. “మీ తాతని తలుచుకొని ఏడ్చారో, పొగకి ఏడ్చారో నాకిప్పటికీ తెలవదు” అనేది మామ్మ.

ఆ మర్నాడే మోపు మొదలైంది. కాలవగట్టున కూలిన తుమ్మ, బడి వెనక గాలికి విరిగిన నిద్రగన్నేరు, కరెంటువాళ్లు తీగల కింద నరికి వదిలేసిన వేప, ఏది దొరికినా తెచ్చి నాలుగడుగుల దుంగలుగా కొట్టించేది. నేలలో బారుగా తవ్వి, పైన డేగిసాలు వరసగా ఎక్కించే గాడిపొయ్యికి ఆ పొడవు కావాలి. కొట్టించిన దుంగలను తాడుతో కట్టి నెలరోజులు కాలవలో నానేసేది. అలా నానితే పురుగు చేరదని తాతయ్య చెప్పాడట. నానినవాటిని తీసి, తాటాకు పందిరి కింద, దుంగకీ దుంగకీ నడుమ పుల్లలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చేది. వంటింట్లో గ్యాసు పొయ్యి మండుతూనే ఉంది, పెరట్లో మోపు ఆరుతూనే ఉంది. దాన్ని ముట్టుకొనే హక్కు మాలో ఎవరికీ లేదు.

“కట్టెల్ని నానేసి ఆరబెట్టేది ఈ కంకిపాడు చుట్టుపక్కల నువ్వొక్కదానివే వదినా” అని ఎగతాళి చేసేది ఎదురింటి రాఘవమ్మ. ఆమె మగ్గం చీరలు మూటగట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మే మనిషి.

“నీ బీరువాలో నలభై చీరలున్నాయి, కట్టుకునేదెప్పుడే అంటే చెప్పవు. నావి కట్టెలు. అంతే తేడా” అనేది మామ్మ.

పదకొండో ఏడు, కాలవ కట్టేసిన వారంలో, మట్టల ఆదివారానికి ముందురోజు, మామ్మ పడింది. నీళ్లు తగ్గి రేవులో బురద తేలింది. ఆ బురదలో ఒక చింతకొమ్మ తేలింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి దాన్ని ఒంటరిగా లాక్కొస్తుంటే కొమ్మ ఒక్కసారిగా జరిగింది, మెట్టు మీద కాలు జారింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి మాత్రం కొమ్మను వదల్లేదు.

“ముందు దీన్ని గట్టెక్కించవే ఏంజెలూ. ఎవరన్నా పట్టుకుపోతారు” అంది.

ఆ తరువాతే మూలిగింది.

విరిగింది తుంటి ఎముక. బెజవాడ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఈస్టరు వెళ్లిన మర్నాడు ఇంటికి తెచ్చుకున్నాం. ముందుగదిలో, కిటికీ పక్కన మంచం వేశాం. పెరడు ఆ కిటికీలోంచి వినిపిస్తుంది కాని కనిపించదు.

వ్యాయామం చేయించడానికి రేణుక గారు స్కూటీ మీద రోజు విడిచి రోజు వచ్చేవారు. మొదటిరోజే అమ్మనూ నన్నూ వసారాలోకి పిలిచి చెప్పారు.

“ఆరు వారాలండీ. ఆరు వారాల్లో మామ్మగారు లేచి నడవాలి. ఎముక సంగతి డాక్టరుగారు చూసుకున్నారు. కండ సంగతే మనం చూడాలి. మంచం మీద ఉన్నకొద్దీ కరిగిపోద్ది. ఆ తర్వాత మనం లేపినా ఆవిడ లేవలేరు. మంచానికే ఉండిపోయినవాళ్లని చాలామందిని చూశాను. అందుకే చెప్తున్నా.”

ఇలా చెప్పి నాలుగు కాళ్ల స్టీలు వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టారు. మామ్మ దాన్ని ఒక్క వేలితో నెట్టింది. అది జరిగింది.

“కదిలింది చూశావా?” అంది.

“కదలాలండీ. మీతోపాటు నడవాలి కదా.”

“నేను పడింది కదిలేదాన్ని పట్టుకునే తల్లీ. ఇంక నేను పట్టుకున్నది కదలకూడదు.”

రేణుక గారు బతిమాలారు. నాన్న కసిరాడు. అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. పడుకొని చేసే వ్యాయామాలన్నీ బుద్ధిగా చేసేది మామ్మ, కాళ్లు నేల మీద పెట్టమంటే మాత్రం పెదవులు బిగించేది. వసారా మెట్టు నుంచి పెరటి చివర బాత్రూం తలుపు దాకా ఇరవై ఒక్క అడుగులు. ఏ పూటా ఎవరి చేతి సాయమూ అడగని మనిషికి ఇప్పుడు మంచం మీదే అన్నీ అమ్మ చెయ్యాల్సివస్తోంది. అమ్మ విసుక్కోలేదు. ఆ పని జరుగుతున్నంతసేపూ మామ్మ కళ్లు మూసుకొనేది. ఆ మూసుకున్న కళ్లను చూడలేక నేను గది దాటి వెళ్లిపోయేదాన్ని.

మా నాన్న ఆమోసు వడ్రంగి. పటమటలో అపార్టుమెంట్లకు అలమరాలు బిగించే పని. ఏడింటి బస్సుకి వెళితే మళ్లీ ఎనిమిదింటికే ఇల్లు. అక్కడ పనంతా ప్లైవుడ్డు, జిగురు, పైన అతికే రంగుకాగితం. ఇంటి వెనక షెడ్డులో ఆయన సొంత సామాను ఉంది. కోతమిషను, రంపాలు, ఉలులు, బాడిస, తాతయ్య వాడిన చిత్రిక. ఆదివారాలు తప్ప దాని తలుపు తెరుచుకొనేది కాదు.

“వసారా నుంచి బాత్రూం దాకా రెయిలింగు కడితే, నాన్నా? అదైతే కదలదుగా” అన్నాను ఒక సాయంకాలం.

“పైపుతోనా? ఈ ఎండలకి పైపు కాలుద్ది. చెయ్యి బొబ్బలెక్కుద్ది.”

“చెక్కతో?”

“టింబరు డిపోలో దొరికేదంతా పచ్చి చెక్కే తల్లీ. పాతిన నెలకి మెలి తిరుగుద్ది. ఎండలో పగులుద్ది. సరిగ్గా ఆరిన చెక్క ఇప్పుడెవడి దగ్గరుంది?”

అని ఆగిపోయాడు. ఇద్దరం తాటాకు పందిరి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

డిగ్రీ అయి ఇంట్లో ఉన్నదాన్ని నేను. నలుగురిలో నోరు పెగలదు, కాగితం మీద తప్ప మాట కుదరదు. పద్యాలు రాసుకొనే నోటుపుస్తకం ఒకటి ఉండేది. ఆ సోమవారం దాని వెనకపేజీలో ‘ఎనిమిది గుంజలు, ఏడు పైచెక్కలు’ అని రాసుకొని, పెరట్లోకి నడిచి, మోపు ముందు నిలబడ్డాను.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. “ముట్టుకోకే. అది అత్తయ్య కూడిక కట్టె. తెలిస్తే నిన్నే కాదు, నన్నూ బతకనివ్వదు.”

“ఒక్కటే అమ్మా.”

“ఎవరైనా ఒక్కటే అనే మొదలుపెడతారు.”

లోపలికి వెళ్లింది. నిమిషం తరువాత చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ వచ్చింది. గొంతు బాగా తగ్గించి, “వెనక వరసలోంచి తియ్యి. ముందు నుంచి తీస్తే ఖాళీ కనపడుద్ది” అంది.

మంచం మీది మనిషికి ముందు వరసా కనపడదు, వెనక వరసా కనపడదు. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మామ్మ అంటే అంత భయం మాకు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నాన్న షెడ్డు తలుపు తీశాడు. నేను దాచిన తుమ్మదుంగను ఎత్తి బరువు చూశాడు. కొసను గోటితో గీరాడు. సుత్తితో చిన్నగా తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కంచుగిన్నెను తట్టినట్టు మోగింది.

“పదకొండేళ్లు. ఎక్కడా పురుగు లేదు, పగులు లేదు. మా అమ్మ దీన్ని కట్టె అనుకొని పేర్చింది గాని, పెద్ద టింబరు వ్యాపారి కూడా ఇంత శ్రద్ధగా ఆరబెట్టడే” అన్నాడు. చాలాసేపు దాన్ని ఒళ్లోంచి దించలేదు.

దుంగను కోతమిషను మీద పెట్టబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకొని ఆపాడు.

“గుండ్రంగా ఉన్నదాన్ని బల్ల మీద పెడితే అది దొర్లుద్ది. దాంతోపాటు నీ వేళ్లు లాక్కుంటది. ముందు ఒక పక్క చదును చెయ్యాలి. కూర్చోడం నేర్పాలి. కూర్చున్న చెక్కే మన మాట వింటది.”

బాడిసతో ఒక పక్క చెక్కాడు. గరుకు బెరడు పోయింది, దాని కింద తెల్లచెక్క పోయింది, ఆపైన బెల్లంరంగు చేవ బయటపడింది. ఆ చదును పక్కను బల్ల మీద ఆనించి రెండో పక్క కోశాడు. రెండిటికీ మూలమట్టం పెట్టి మూడోది, నాలుగోది. దుంగ నడిమధ్య ఉన్న మెత్తటి చారను విడిగా కోసి పారేశాడు. అది ఉన్న చెక్క ఎప్పటికైనా పగులుతుందట. పొయ్యిలోకి వెళ్లవలసిన కట్టె ఒక పూటలో నాలుగు పలకల గుంజయింది. నాన్న మొహంలో పటమట నుంచి వచ్చే అలసట ఆ రోజు లేదు.

“రేపట్నుంచి నువ్వు చెయ్యి. తొందరపడకు. మిషను తిరుగుతుండగా పద్యాలు ఆలోచించకు” అన్నాడు.

ఆయనకి ఆ సంగతి తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారం ఇంకో దుంగ కోశాను. ఆ తరువాతిది పాడుచేశాను, దాన్ని ఎవరికీ చెప్పకుండా పుల్లల్లో కలిపాను. గుంజ ఎంత ఎత్తుండాలో రేణుక గారిని అడిగితే, చెయ్యి వేలాడేసినప్పుడు మణికట్టు ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు అన్నారు. మధ్యాహ్నం మామ్మ కునుకు తీస్తుండగా టేపు పట్టుకొని ఊపిరి బిగబట్టి మంచం పక్కన కూర్చున్నాను. మడమ నుంచి మణికట్టు దాకా ముప్ఫై రెండు అంగుళాలు. పాతడానికి ఇంకో అడుగు కలుపుకొని, నాన్న చెక్కిందీ నేను చెక్కిందీ, గుంజలు రెండూ కోసి పాతేశాను.

నాలుగోవారం నడుమ ఒక రోజు రాఘవమ్మ పలకరించడానికి వచ్చింది. నేను మజ్జిగ పట్టుకొని గుమ్మం దాకా వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి.

“షెడ్డులో ఏంటి వదినా ఆ మోత? వారం నుంచి వింటన్నా.”

“నా పెట్టె చేస్తన్నారు.”

“ఏం పెట్టె?”

“ఏం పెట్టేంటి? నన్ను పెట్టే పెట్టె. మొన్న ఏంజెలు టేపు పెట్టి కొలిచింది కూడా. నేను నిద్రపోతన్నాననుకుంది పిచ్చిది.”

రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఛీ, ఏం మాటలవి!”

“ఏడవమాకు. ఆమోసు అలమరాలు చూశావుగా, పెట్టె కూడా బాగానే చేస్తాడు. మోచేతుల దగ్గర కాస్త వదులుంచమని చెప్పు, చాలు.”

నన్ను చూసి మామ్మ చెయ్యి ఊపింది. దగ్గరికి వెళ్లాను. నా జడలో చిక్కుకున్న చెక్కపేడు ఒకటి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి.

“ప్లైవుడ్డు జిగురు కంపు కొడతది. ఇది తుమ్మ.” మళ్లీ వాసన చూసింది. “ఇది నా తుమ్మ.”

నేను తల దించుకున్నాను.

“ఏమే, పెట్టె కావాలంటే డిపోకి పొయ్యి తెచ్చుకోండి. కూడిక కట్టెతో పెట్టె చేస్తే, కూడికకి అన్నం దేంతో వండుతారే?”

“పెట్టె కాదు మామ్మా.” నా గొంతు నాకే కొత్తగా ఉంది. “రెయిలింగు. వసారా నుంచి బాత్రూం దాకా. నువ్వు పట్టుకొని నడవడానికి. అది కదలదు. పాతేస్తాం. నాన్న చూశాడు, నీ కట్టె అంత బాగా ఆరింది ఇంకెక్కడా లేదంట. అందుకని...”

మామ్మ గోడ వైపు తిరిగింది.

ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు రెండు ముద్దలు తిన్నది. రేణుక గారు వస్తే కాలు కూడా ఎత్తలేదు. గేటు దగ్గర స్కూటీ తీస్తూ ఆమె అమ్మతో నెమ్మదిగా అన్నారు, “ఇంకో రెండు వారాలే ఉంది జీవరత్నం గారూ. ఇలా అయితే ఆ తర్వాత నేను వచ్చినా లాభం లేదండీ.”

షెడ్డులో మిగిలిన ముక్కలను నేను మూలకు చేర్చి గోనెపట్టా కప్పాను. నోటుపుస్తకం తెరవలేదు. ఆమె దాచుకున్నదాన్ని నేను దోచుకున్నాను. దోచుకొని కూడా ఆమెను లేపలేకపోయాను. ఈ రెండు మాటలూ ఆ మూడు రోజులూ నా లోపల రంపంలా వెళ్లి వస్తూనే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం నాన్న పెరట్లోకి వచ్చి నేను పాతిన గుంజ మీద చెయ్యి వేసి చూశాడు. ఇంకోసారి చూశాడు.

“ఎంత ఎత్తు పెట్టావు?”

“ముప్ఫై రెండు.”

“ఎక్కడ్నుంచి తెచ్చావు ఆ కొలత?”

“మామ్మ పడుకున్నప్పుడు కొలిచాను. మడమ నుంచి మణికట్టు దాకా.”

నాన్న గుంజ మీంచి చెయ్యి తీశాడు. “మామ్మకి నడుం వంగింది గదా తల్లీ. పడుకుంటే సాగుద్ది, నిలబడితే వంగుద్ది. పడుకున్న మనిషిని మేం కొలిచేది ఒక్కదానికే.”

కిటికీ తెరిచి ఉంది. ఆ సంగతి ఇద్దరం మరిచిపోయాం.

“ఆమోసూ!”

మూడు రోజుల తరువాత ఇంట్లో వినిపించిన గొంతు అది. నాన్న ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెనకే నేను.

“ఎన్ని కోసింది?”

“రెండు గుంజలమ్మా.”

“ఏ కట్టె?”

“ఒకటి తుమ్మ. ఒకటి బడి వెనక నిద్రగన్నేరు.”

“పొట్టిగా కోసిందా, పొడుగ్గానా?”

“పొడుగ్గానే. తగ్గించుకోవచ్చు.”

“మిగతావి?”

“ఇంకా కొయ్యలేదు.”

పందిరి మీద తాటాకు వడగాలికి గలగలమంది.

“మిగతావి పొట్టిగా కోస్తే ఏం చేస్తారు? అతుకేస్తారా? పదకొండేళ్ల కట్టె, దండగ చేసిందాకా నిద్రపోరు మీరు” అంది మామ్మ. “పడుకోబెట్టి తీసిన కొలత పెట్టెకే పనికొస్తది. లోపలికి రండి. లేపి కొలవండి.”

ఎవరమూ ఎవరి మొహమూ చూసుకోలేదు. అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క పట్టుకున్నారు. కాళ్లు నేలకి ఆనాయి. పళ్లు బిగించి, ‘ప్రభువా’ అని ఒక్కసారి అని, మామ్మ లేచింది. మంచానికి రెండడుగుల దూరంలో ద్వారబంధం ఉంది. ఆ రెండడుగులూ ఎలా వేసిందో నేను చూడలేదు. పెన్సిలు కోసం తడుముకుంటున్నాను. చూసేసరికి ద్వారబంధం పట్టుకొని ఉంది, రెండో చెయ్యి పక్కన వేలాడుతోంది.

“త్వరగా గియ్యవే. బొమ్మ గీస్తన్నావా?”

ద్వారబంధం చెక్క మీద గీత గీశాను. నేల నుంచి టేపు పెట్టి చూశాను. “ఇరవై ఎనిమిది.”

“చూశావా, నాలుగంగుళాలు!” గెలిచినట్టు అంది. అంతలోనే, “చెప్పులు లేవు కదే. పెరట్లోకి ఒట్టి కాళ్లతో వెళ్తానా? జీవరత్నం, నా చెప్పులు తే. చెప్పులతో కొలిస్తేనే కొలత” అంది.

అమ్మ చెప్పుల కోసం వెళ్లింది. టేపు అవతలి కొస పట్టుకోవడానికి నాన్న వంగాడు. ఆ కాసేపు మామ్మను పట్టుకొని ఎవరూ లేరు. ద్వారబంధం ఒక్కటే ఉంది. అది కదల్లేదు.

చెప్పులతో ఇరవై ఎనిమిదిన్నర. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే వసారాలో కుర్చీ వేయించుకొనేది. మంచం నుంచి ఆ కుర్చీ దాకా గోడ పట్టుకొని రోజూ నడక. నడిచానని ఒప్పుకొనేది కాదు, పని చూడటానికి వచ్చానని చెప్పేది. నేను కోసిన ప్రతి చెక్కా ఆమె ఒళ్లోకి వెళ్లి రావాలి. కళ్లు మూసుకొని అరచేత్తో నిమిరేది.

“ఇక్కడ గుచ్చుకుంటంది. ఇంకాస్త చిత్రిక పట్టు.”

“పట్టాను మామ్మా.”

“పట్టింది నువ్వు. పట్టుకునేది నేను. ఇంకాస్త పట్టు.”

పాతిన రెండు గుంజలనూ పీకించింది. గుంజల అడుగులు నిప్పుల మీద నల్లగా కాలేదాకా పాతనివ్వలేదు. కాల్చి పాతితే చెద ముట్టదట. పొడవు చాలని కట్టెలు కావడంతో పైచెక్క ఒక్కటిగా రాలేదు. ప్రతి గుంజ మీదా ఒక అతుకు, ప్రతి అతుకుకీ ఒక కొత్త చెట్టు. తుమ్మ, నిద్రగన్నేరు, వేప, మళ్లీ తుమ్మ, రేగు, వేప, చివర మైలవరంలో మేనత్త ఇంటి నుంచి లారీ మీద వేయించుకొచ్చిన కానుగ. బెల్లంరంగు, తేనెరంగు, గంధంరంగు. నాన్న సెలవు పెట్టి రెండు రోజులు ఇంట్లో ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన ఈల వేయడం విన్నాను.

మొదటిరోజు రెండో గుంజ దాకా నడిచింది. మూడోరోజు నాలుగో గుంజ. “వేపచెట్టు దాకా పోయొచ్చా” అని రాఘవమ్మకి చెప్పేది.

“ఓసోసి, మూరెడు నడిచి ముక్కోటి చెట్లు తిరిగినట్టు చెప్తావే!”

“నువ్వూ పట్టుకొని చూడు, నున్నగా ఉంది. నీ పట్టుచీర కూడా అట్టా ఉండదు.”

ఆరోవారం ఆఖరి రోజున, రోహిణి ఎండ పెరడంతా పరుచుకున్న వేళ, మామ్మ ఎనిమిదో గుంజ దాటింది. వెనక నడుస్తున్న నన్ను చేత్తో ఆపింది. బాత్రూం తలుపు తోసి లోపలికి వెళ్లింది. లోపలినుంచి గడియ పడింది.

ఆ చప్పుడుకి అమ్మ వసారా మెట్టు మీద కూర్చొని, కొంగులో మొహం దాచుకొని, చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. మర్నాడు వచ్చిన రేణుక గారు వాకరు మడిచి స్కూటీకి కట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ పైచెక్క మీద చెయ్యి వేసి కొసదాకా ఒకసారి ఊరికే నడిచారు.

జూన్‌లో కాలవకి నీళ్లొదిలారు. ఎర్రటి కొత్తనీరు రేవుమెట్లు ఒకటొకటిగా మింగుతూ వచ్చింది. ఆ వారమే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుందామన్నాడు నాన్న. అమ్మ రెండు గ్యాసు సిలిండర్లు మాట్లాడింది.

“గ్యాసెందుకు? గాడిపొయ్యి తవ్వించండి” అంది మామ్మ.

“కట్టెలో, అత్తయ్యా?”

“పెరట్లో ఉన్నాయిగా.”

“అవి మీరు...”

“అన్నీ తియ్యండి. కూడికకే కదా దాచింది.”

రెయిలింగుకి పోను ఇరవై దుంగలు మిగిలాయి. కొసలు, బెరళ్లు అన్నీ తీశాం. దాచిన నా తప్పుకోత కూడా అందులో బయటపడింది. మామ్మ దాన్ని ఎత్తి చూసింది, నా వైపు చూసింది, మొట్టమొదట దాన్నే పొయ్యిలో పెట్టించింది. నిప్పు ఇలా తగిలీ తగలకముందే మంట లేచింది. అన్నం మెతుకు మెతుకూ విడిపోయి ఉడికింది. పప్పు, వంకాయకూర, కోడిపులుసు. సంఘమంతా వచ్చింది, వీధంతా వచ్చింది. పాస్టరుగారి ప్రార్థన కాస్త పొడుగైనా ఎవరికీ ఆకలి మీద కోపం రాలేదు. గాడిపొయ్యి పక్కన కుర్చీలో కూర్చొని, తన దుంగలు మండటాన్ని మామ్మ రెప్పవేయకుండా చూస్తోంది. రాఘవమ్మ ఆమె పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది.

“పొగ లేదుగా రాఘవమ్మా, ఎందుకా తుడుపు?” అంది మామ్మ.

“నోర్ముయ్యి” అంది రాఘవమ్మ.

సాయంకాలానికి గాడిలో బూడిద మిగిలింది, పందిరి కింద నేల మిగిలింది. పదకొండేళ్లుగా ఎండ తగలని ఆ నేల నల్లగా, చల్లగా ఉంది. మామ్మ రెయిలింగు పట్టుకొని వచ్చి ఆ ఖాళీని చూసింది. ఆమె మొహం ఎటు మారుతుందోనని నేను కనిపెట్టి ఉన్నాను.

“ఆ చింతకొమ్మ ఏం చేశారే?” అంది.

ఆమెను పడేసిన కొమ్మ. షెడ్డు వెనక ఉంది. ఇంకా పచ్చిది, కోయడానికీ పనికిరాలేదు, కాల్చడానికీ పనికిరాలేదు.

“తీసుకురా. తాడు తే. కాలవకి నీళ్లొచ్చాయిగా.”

కొమ్మను నాన్న నాలుగడుగుల దుంగలుగా కొట్టి ఇచ్చాడు. మూడు వచ్చాయి. వాటిని రేవులోకి మోసుకెళ్లాను. మా పెరటి కంచె దాటితే రేవే. నీళ్లలో మోకాలి లోతుకి దిగాను. కంచె అవతలి నుంచి, కానుగచెక్క మీద రెండు చేతులూ ఆనించి నిలబడి, మామ్మ కేకేస్తోంది.

“రెండు ముళ్లు వెయ్యి. కొత్తనీళ్లు, లాక్కుపోద్ది.”

రెండు ముళ్లు వేశాను. దుంగలు ఒకసారి మునిగి, తేలి, తాడు బిగిసేదాకా వెళ్లి ఆగాయి.

“ఎన్నాళ్లు మామ్మా?”

“నెల నానాలి. తర్వాత మూడేళ్లన్నా ఆరాలి. చింత మొండిది.” తాడు వైపు చూస్తూ అంది, “ఆరనియ్యి. తొందరేముంది?”